రెండో టేక్

ఖిదిర్‌పూర్‌లో నేను పిన్నీ అని పిలిచే ఆవిడ టీ తాగినా, నవ్వినా తలెత్తి "రాసుకున్నావేటి బాబూ?" అని నన్నడిగేది. పరిశోధన పేరుతో డాక్టర్లు ఆమెనూ కవల చెల్లెల్నీ పసితనంలోనే విడదీసి చెరో ఇంటికిచ్చారు. చిన్నప్పుడంతా ఎవరో వచ్చి ఆమె తిన్నదీ, ఏడ్చిందీ రాసుకుపోయేవారట. ఆమె మీద మేం తీస్తున్న డాక్యుమెంటరీలో ఆ డాక్టర్లను కడిగిపారెయ్యాలని నేను ఊగిపోతుండేవాణ్ణి.

చెల్లెలు వెతుక్కుంటూ వచ్చిన రోజు కెమెరా నాదే. గుమ్మంలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సరిగ్గా అప్పుడే వీధిలో బస్సు హారన్ మోగి శబ్దమంతా పాడైంది.

"పిన్నీ, ఆవిడ బయటికెళ్లి మళ్లీ ఒక్కసారి లోపలికి రావాలి" అన్నాను.

పిన్ని చెల్లెలి చెయ్యి వదల్లేదు.

"మల్లీ ఇడిపోవాలేటి బాబూ?"

ఆ మాట మాత్రం శుభ్రంగా రికార్డయింది. ఎడిటింగ్‌లో నేనే కత్తిరించాను.