అర్జునుడి పేర్లు, మెరుపు కెమేరా

ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు అక్షరాలు రావు. మావాళ్లు ఉత్తరాదికి వలసొచ్చి స్థిరపడ్డ గోల్‌మురిలో బడి మా ఇంటి ఎదురుగానే ఉన్నా, తమ్ముళ్లను ఎత్తుకోవడంతోనే నా బడి వయసు గడిచిపోయింది. రిటైరయ్యాక నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఒక ఏడు ఎండాకాలంలో నన్ను ఆదిత్యపూర్‌లో మెరుపులను చిత్రీకరించే గదికి అటెండరుగా వేశారు. మేడ మీద గది. కిటికీ అద్దం తుడవడం, కెమేరా ముసుగు తీయడం నా పని. బటన్ నొక్కడం ఆపరేటరు పని. నేను దాన్ని తాకకూడదు.

కంటికి ఒక్కటిగా కనిపించే పిడుగులో నాలుగైదు దెబ్బలుంటాయి. మామూలుగా అన్నీ ఒకే దారిన దిగుతాయి. ఎప్పుడో ఒకసారి చివరిది దారి మార్చి వేరేచోట నేలను తాకుతుంది. ఆ పరిశోధన చేసే మా గ్రేస్ మేడమ్‌కు కావలసింది అదే. ఆ కెమేరా సెకనుకు వేల బొమ్మలు తీస్తూ, పాతవి చెరిపేస్తూ, చివరి రెండు సెకన్లు మాత్రమే ఉంచుకుంటుంది. అందుకే పిడుగు పడ్డాక నొక్కాలి. నొక్కగానే రికార్డు ఆగుతుంది. ఆపరేటరు దూబే చెయ్యి మహా చురుకు. అయినా మేడమ్ కోరిన పిడుగు దొరకలేదు. కెమేరా వేరేవాళ్లది, తిరిగి పంపేయడానికి ఒక్కరోజే మిగిలింది.

ఆ సాయంత్రం కాలవైశాఖి గాలివాన లేచింది. దూబే మాంగో వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. కంప్యూటరు వదలలేక మేడమ్ నన్ను బటన్ ముందు కూర్చోబెట్టారు.

"మెరవగానే నొక్కేయ్ పిన్నీ. మనకిదే ఆఖరి గాలివాన."

మెరిసింది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "అర్జునా, ఫల్గుణా" అన్నాకే బటన్ గుర్తొచ్చి నొక్కాను.

"ఏటి పిన్నీ! పిడుగు ఎలిపోయి ఇంతసేపయ్యాక నొక్కుతావేటి?"

"ఆయన్ని తలుచుకోకండా ఎలాగమ్మా? నెత్తిన పడితే మీరొచ్చి అడ్డుకుంతారేటి?"

మేడమ్ రికార్డు నెమ్మదిగా తిప్పారు. మూడు దెబ్బలు నీళ్ల ట్యాంకు వెనకాల ఒకే చోట దిగాయి. నాలుగోది పక్కకు తిరిగి ఖర్కై నది ఒడ్డున పడింది. ఆవిడ లేచి నన్ను పట్టుకుని ఊపేశారు. దూబే చురుకుగా నొక్కినప్పుడల్లా చివరి దెబ్బ రికార్డుకు బయటే ఉండిపోయేదన్నమాట.

"నేనైతే 'ప్రభువా, స్తోత్రం' అంతాను. అదీ అంతసేపే," అంటూ ఫోను అందుకున్నారు. వానలు వెళ్లేదాకా కెమేరా మా దగ్గరే ఉంచడానికి అవతలివాళ్లు ఒప్పుకున్నారు.

ప్రతి పనికీ వేగం ఒక్కటే చాలదని, ఎంతసేపు ఆగాలో కూడా నేర్చుకోవాలని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్న అద్దం తుడిచి, దూబేను బటన్ ముందు కూర్చోబెట్టి, "అర్జునా, ఫల్గుణా" నేర్పించాను. "బస్, దో హీ నామ్, చాచీ?" అన్నాడు, రెండు పేర్లేనా అని. మూడో పేరు వద్దన్నాను. అదీ చెబితే మొదటి దెబ్బ చెరిగిపోతుంది.