మా కంప్యూటర్‌కు కొత్త డాస్ ఎక్కించిన వైనం

ఎనభైల చివర్లో అమీర్‌పేటలో కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే ముందు చెప్పులు విప్పాలి. మా ఇన్‌స్టిట్యూట్‌లో అయితే కాళ్లు కూడా కడుక్కోవాలి. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. మా యజమాని టైపు మిషన్లను హాల్లోనే ఉంచి, వెనకగదికి ఏసీ పెట్టించి, అందులో ఒకే ఒక్క కంప్యూటర్‌ను ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠించారని ఊరికే అనడం లేదు. మానిటర్ నుదుట కుంకుమబొట్టు, కీబోర్డు పక్కన నిమ్మకాయ, పైన పట్టుగుడ్డ. ఏసీ కూడా కంప్యూటర్ కోసమే. పాఠం అయిపోగానే మమ్మల్ని ఎండలోకి తోలి, దాన్ని మాత్రం చల్లగా ఉంచేవారు.

నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. పాఠమంటే, వచ్చినవాళ్ల చేత రోజూ అవే కమాండ్లు కొట్టించడం, తెర మీద పచ్చటి అక్షరాలు పరుగెత్తగానే వాళ్లు నోళ్లు తెరుచుకుంటే చూస్తూ నిలబడటం. ఆ పని మీద నాకు విరక్తి పుట్టింది. మిషన్ ఖాళీగా ఉన్నప్పుడల్లా కూర్చుని ఆస్పత్రికి పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి రాశాను. రోగి పేరు కొడితే చాలు, కిందటిసారి ఎందుకొచ్చాడో, ఏ డాక్టరు చూశాడో తెర మీదికి వచ్చేది. ఆ సంగతి సోమాజిగూడలో ఒక ఆస్పత్రివాళ్లకు తెలిసింది. వాళ్ల ఆఫీసు చూసుకునే పెద్దమనిషి శనివారం వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే అక్కడ ఉద్యోగం నాకే. నేను రాసింది నిజంగా మనుషులకు పనికిరాబోతోందన్న సంబరంలో ఆ వారం నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ వారమే మా యజమానికి కొత్త డాస్ పూనింది. డాస్ అంటే కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్. దానికి కొత్త వెర్షన్ వచ్చిందని ఎవరో ఆయన చెవిన వేశారు. సాయంత్రానికల్లా బోర్డు మీద "ఇచట కొత్త డాస్ నేర్పబడును" అని ఎర్రరంగుతో రాయించేశారు. మా మిషన్‌కు అది పడుతుందో లేదో చూడాలన్న ఆలోచన రంగు ఆరాక వచ్చింది.

"సార్, జర ఆగుండ్రి," అన్నాను. "మెమరీల ముందుగాల సిస్టమే కూసుంటది. మిగిలిన జాగల నా ప్రోగ్రాం పట్టాలె. ఇప్పటికే ఇరుకిరుకుగ ఉన్నది. కొత్త డాస్ ఇంకింత లావుంటదట."

"లావుంటే మంచిదేగా అమ్మా, బలంగా ఉంటుంది," అన్నారాయన.

పరీక్ష చేయడానికి తన బావమరిదిని పిలిపించారు. అతను పంజాగుట్టలో టీవీలు అమ్మే దుకాణంలో కూర్చునేవాడు. కాబట్టి తెర ఉన్న ప్రతి వస్తువూ అతనికి తెలిసినట్టే లెక్క. వచ్చీ రాగానే పెట్టె మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. చెవి పెట్టి ఫ్యాను చప్పుడు విన్నాడు. నాలుక చాపమనడం ఒక్కటే తక్కువ. ఆఖరికి నేను చెబితే, ఖాళీ ఎంతుందో చూపించే కమాండు కొట్టాడు. అంకెల వరుసలు వచ్చాయి. పైన ఉన్నవి డిస్కు సంగతి, అంటే సామాను దాచుకునే గది. అట్టడుగున ఉన్నది మెమరీ సంగతి, అంటే వంట చేసుకునే గట్టు. మనకు కావలసింది గట్టు. అతను గది దగ్గరే ఆగిపోయి, అంకెలను వేలితో లెక్కబెట్టి, "బావా, కోటి దాటి ఖాళీ ఉంది!" అని కేకేశాడు.

"కోటి ఖాళీ ఉంటే ఇంకేం కావాలమ్మా నీకు?"

"గది గాదు సార్, గా కింది వరుస చూడుండ్రి."

"అంత కింద రాశారంటే అదేదో చిన్న విషయమే అయ్యుంటుంది," అని తేల్చేశారు.

కొత్త డాస్ ఎక్కింది. కనీసం నా ప్రోగ్రాం ఒక్కసారి నడిపి చూస్తానన్నాను. ఆయన నన్ను గుళ్లోకి చెప్పులతో వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

"శనివారం పెద్దమనిషికి చూపించాల్సినదాన్ని ముందే నడుపుతావా? దేవుడికి పెట్టకముందే నైవేద్యం ఎంగిలి చేస్తారా ఎవరైనా? కొత్త డాస్ మీద మొదటిసారి ఆయన ఎదుటే నడవాలి."

గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. శనివారం దాకా క్లాసులు హాల్లో నల్లబల్ల మీద. కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను సుద్దముక్కతో కీబోర్డు గీసి చూపించాను. ఒళ్లు మండిపోయింది. ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా వడ్డించడం దేవుడి దగ్గర చెల్లుతుంది, ఆయన తిని వంకపెట్టడు. ఆస్పత్రివాళ్లు పెడతారు.

శనివారం ఆస్పత్రి పెద్దమనిషి బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, తడి పాదాలతో వచ్చి కూర్చున్నాడు. గడప దగ్గర కొబ్బరికాయ కొట్టారు. నేను ప్రోగ్రాం పేరు కొట్టాను. తెర మీద ఒకే వాక్యం వచ్చింది: ఈ ప్రోగ్రాం మెమరీలో పట్టనంత పెద్దది, అని ఇంగ్లీషులో.

మా యజమాని తడుముకోలేదు. "చూశారా సార్! మా అమ్మాయి ఎంత పెద్ద ప్రోగ్రాం రాసిందో కంప్యూటరే ఒప్పుకుంటోంది."

"మస్తు పెద్దదే రాసినవమ్మా," అన్నాడు పెద్దమనిషి నాతో. "మరి నడుస్తదా?"

నా సంచిలోంచి పాత డాస్ ఫ్లాపీ తీసి పెట్టి, దానితో మిషన్ మళ్లీ ఆన్ చేశాను. ప్రోగ్రాం నడిచింది. ఆయన తన పేరే రోగిగా రాయించుకుని, మళ్లీ వెతికించి, తెర మీద కనబడగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు. నా కడుపు నిండిపోయింది. ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాను.

"గిది కొత్త డాసేనా?" అన్నాడు లేవబోతూ.

"కాదు సార్, పాతది. నా ప్రోగ్రాం దీని మీదనే నడుస్తది."

ఆయన నవ్వు వాడిపోయింది. "మా పెద్ద డాక్టర్‌సాబ్ అన్నీ కొత్తవే ఉండాలంటడమ్మా. పాతదానికి మనిషిని పెట్టినంటే నన్ను బతకనియ్యడు." మా యజమాని వైపు తిరిగి, "కొత్తది తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

యజమాని బావమరిది భుజం మీద చెయ్యి వేశారు. "ఎక్కించిందే వీడు సార్." ఉద్యోగం అతనికి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ మిషన్ మీద రాసింది ఇన్‌స్టిట్యూట్‌దేనంటూ నా ప్రోగ్రాం కూడా అతని చేతిలో పెట్టారు. నడిచినదాన్ని రాసిన నేను ఇంటికి, నడవకుండా చేసినవాడు ఆస్పత్రికి. ఏడుపొచ్చింది, దుఃఖంతో కాదు, కోపంతో. ఆ గదిలో ఏడవడం ఇష్టంలేక చెప్పులు చేతపట్టుకునే మెట్లు దిగాను.

తర్వాత ఒకరోజు పంజాగుట్టలో బస్సు కోసం నిలబడితే అతను స్కూటర్ ఆపాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"మేడం గారూ, బాగా దొరికారండీ. ఆస్పత్రిలో కొత్త డాస్ మీద మీ ప్రోగ్రాం పెట్టానా, అక్కడ కూడా పట్టదంటోందండీ. ఏది తీసేస్తే చోటవుతుందంటారు?"

"నిన్ను," అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. "భలే జోకులేస్తారండీ మీరు," అంటూ స్కూటర్ తిప్పుకుని నా ఉద్యోగానికి వెళ్లిపోయాడు.