చేతులు చాపి చెప్పే అమ్మాయి

ఎనిమిదో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి. పరువు కోసం నేనే బడి వదిలేశానని చెప్పుకుంటాను. ఈ హిందీ ఊళ్ళో కోని యూనివర్సిటీ నుంచి, నేను ఫిట్టరుగా ఉన్న రైలింజన్ల షెడ్డుకు ఇంజన్ల వణుకు కొలవడానికి వచ్చే ఆ తెలుగమ్మాయి మాత్రం నాలాంటివాడికీ లెక్క చేతులతోనే చెప్పేది. ఇప్పటికీ ముందు గుర్తొచ్చేవి ఆ చేతులే.

ఒకరోజు నేను కొత్త బేరింగు వేసిన బ్లోయర్, అదే ఇంజన్ను చల్లబరిచే పెద్ద ఫ్యాను, వణికింది. వణుకును రకరకాల అలలుగా విడదీసి, ఎక్కువున్న చోట ఎర్రగా చూపే వేవ్‌లెట్ పటం ఆమె తీసింది. అందులో స్కేలు పెద్ద అంకెల దగ్గర ఎర్రగా ఉంది.

"పెద్ద అంకెంటే పెద్ద ఫ్రీక్వెన్సీ. బేరింగే పోయింది. నీకు ఛార్జిషీటు తప్పదు," అన్నారు మా సారు. నేను తల వంచుకుని చేతిలో పానా తుడవసాగాను.

ఆ అమ్మాయి చేతులు బార్లా చాపింది. "స్కేలు పెరిగితే అల ఇలా సాగుతాది సార్. సాగితే నిదానం, ఫ్రీక్వెన్సీ తక్కువ." వేళ్ళు దగ్గరికి చేర్చింది. "బేరింగు దెబ్బైతే ఇలా చిన్న స్కేల్లో కనపడాల."

ఆ స్కేలును ఫ్రీక్వెన్సీగా మార్చితే సరిగ్గా ఫ్యాను తిరిగే వేగమే వచ్చింది. రెక్కలకు ఒకవైపే పేరుకున్న బొగ్గుధూళి గీకేశాం. వణుకు ఆగింది, నాకు ఊపిరాడింది.

"ఇంత చదివి చేతులు చాపడమేనా తల్లీ నేర్చుకున్నావు? ట్రాఫిక్ పోలీసువైనా సరిపోయేది!" అన్నాను.

"అచ్ఛా! మరి ఇందాక సారు ముందు ఈ నోరు ఎక్కడ దాచీసావేటి బాబాయ్?" అంది.