చేపకు అమ్మవారు పోసిన రోజు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ, సముద్రం ఇంతవరకూ చూడలేదు. నరసరావుపేటలోని మా ఇంట్లో కోడలు సముద్రపు చేపలకని ఉప్పునీళ్ల అద్దాలతొట్టి పెట్టింది. ఆ నీలి వెలుగు ముందు కూర్చుంటే నేనూ నీళ్లలో తేలుతున్నట్టే ఉండేది.

పోయిన వేసవిలో పసుపుపచ్చ చేప ఒంటినిండా తెల్లటి పొక్కులు లేచాయి. మేత ముట్టడం మానేసింది. అమ్మవారు పోసిందనుకుని తొట్టికి వేపమండ కట్టాను. ఆ సాయంత్రమే వంటింట్లోంచి వెల్లుల్లి ఘాటు వచ్చింది. పరుగున వెళ్లి, రోట్లో దంచుతున్న కోడలి చెయ్యి పట్టుకున్నాను.

"ఏందే ఇది! అమ్మోరున్న ఇంట్లో ఎల్లిపాయ వాసన రాగూడదు!"

"అది అమ్మోరు కాదత్తయ్యా, పురుగు. ఈ రసంలో నానబెడితే వాసనకైనా మేత తింటదంట. తినకపోతే ఇంక బతకదు," అంది కోడలు. చెయ్యి వదిలేశాను.

నానిన మేత నీళ్లలో మెల్లగా దిగింది. చేప చాలాసేపు కదల్లేదు. తర్వాత నిద్రలో నడిచినట్టు వచ్చి, ఒక ముక్క అందుకుంది.

"మీ అమ్మోరికి కోపం రాలేదా అత్తయ్యా?"

"వస్తే తిననిచ్చిద్దా ఏందే?"

వేరే తొట్టిలో ఉంచి మందు వేశాక పొక్కులు నిదానంగా తగ్గాయి. ఇంట్లోవాళ్ల కోసం ఎన్నో మొక్కులు మొక్కాను. ఒక చేప నోరు తెరవాలని ఊపిరి బిగబట్టి మొక్కింది మాత్రం ఆ ఒక్క సాయంత్రమే.