మల్లన్నకు మొక్కిన వెంట్రుకలు

తొండుపల్లిలో మా డాబా మీద నిలబడితే దిగుతున్న విమానాల కడుపులు కనిపిస్తాయి. మా కుక్క మొదట్లో వాటిని చూసి అరిచేది. ఇప్పుడు తల కూడా ఎత్తదు. అది మంచు దేశాల జాతి. మా మేడ మీద కిరాయికి ఉన్న కుటుంబం బదిలీ అయి వెళ్తూ దాన్ని మాకు అప్పగించింది. నీలి కళ్ళు, ఒంటినిండా దట్టమైన బొచ్చు. "తోడేలును తెచ్చి ఇంట్ల కట్టేసిండ్రు" అని అమ్మ కొన్నాళ్ళు దాని దగ్గరికే పోలేదు. ఆ తర్వాత ఆమె చేత్తో కలిపిన పెరుగన్నం తప్ప అది వేరేది ముట్టలేదు.

పోయిన వానాకాలం దానికి జబ్బు చేసింది. తిండి మానేసింది. నీళ్ళు తాగినా కక్కేది. దవాఖానలో సెలైన్ ఎక్కిస్తుంటే అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని మల్లన్నకు మొక్కింది. ఇది లేచి తిరిగితే ఎండాకాలం రాగానే దీని వెంట్రుకలు నీకిస్తాను స్వామీ అని. మా ఇళ్ళల్లో పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు మొక్కే మొక్కే ఇది. మల్లన్న పక్కన కుక్క ఎప్పుడూ ఉంటుంది కనుక కుక్క కోసం మొక్కడం ఆమెకు వింతగా తోచలేదు. ప్రతి శనివారం భజన మండలిలో పురాణం చదివి అర్థం చెప్పే నాకూ తోచలేదు. కుక్క లేచి తిరిగింది. మందు పనిచేసిందని డాక్టరమ్మ అంది, మల్లన్న విన్నాడని అమ్మ అంది. ఈ రెండు మాటలకూ తగాదా ఉందని నేను అనుకోను. మందులో గుణమూ ఆయన పెట్టిందే.

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదిరాయి. కుక్క పగలంతా స్నానాల గదిలో తడి నేల మీద నాలుక చాపి పడుకునేది. అమ్మ ఆదివారం చూసి మొక్కు తీరుద్దామంది.

"ఎండకు ఎండ, మొక్కుకు మొక్కు. గుండు గీస్తే దానికి గూడ సల్లగుంటది."

వేసవి సెలవుల్లో పిల్లలకు గుండ్లు గీయించే ఇళ్ళు మావి. నేను గానీ నా భార్య గానీ అడ్డు చెప్పలేదు. టీకా వేయించడానికి సాతంరాయిలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, కత్తి మంచిదా మిషన్ మంచిదా అని మాత్రం అడిగాను.

"ఏదీ వద్దండి, దీనికి గుండు గీయకూడదు" అందామె.

ఆ కుక్కకు బొచ్చు రెండు పొరలట. పైన ఉన్న పొడుగు వెంట్రుకలు ఎండ చర్మానికి తగలకుండా కాస్తాయి. లోపలి మెత్తటి పొర ఎండాకాలానికి ఊడిపోవాలి. అది ఊడి బయటికి రాక ఇరుక్కుపోయి, గాలి ఆడనివ్వడం లేదు. మొత్తం గొరిగితే చర్మం కాలుతుంది, వెంట్రుకలు మళ్ళీ సరిగా రాకపోవచ్చు. "రోజూ దువ్వండి, లోపలిదంతా వచ్చేస్తుంది" అని పెద్ద పళ్ళున్న ఇనుప దువ్వెన ఒకటి చూపించింది. అలాంటిదే కొనుక్కుని ఇంటికి వచ్చాను.

అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. అంతా విని చేతిలోని పని ఆపింది.

"డాక్టరమ్మ చెప్పిందని దేవునితోని మాట తప్పాల్నా?"

"తప్పుడేందమ్మా. దువ్వితే వచ్చిన బొచ్చే తీస్కపోయి ఇద్దాం. ఎంత ఇచ్చినమని గాదు, ఎట్ల ఇచ్చినమని చూస్తడు స్వామి."

"మండలిల చెప్పే ముచ్చట నాకు చెప్పకు. ఊడిన వెంట్రుక ఇంట్ల కనవడితేనే ఊడ్చి పారేస్తం. నీ అన్నంల వస్తే ఊకుంటవా? గది దేవునికిస్తవా?"

ఆమె మళ్ళీ గింజలు తీయసాగింది. తీస్తూనే నెమ్మదిగా అంది, "మొక్కు మరిస్తే ఇచ్చినోడే మళ్ళ తీస్కపోతడు కొడుకా. మళ్ళ వానలొస్తయి." అప్పుడు అర్థమైంది, ఆమెది పంతం కాదు, భయం. గొరిగితే ఎండ, గొరగకపోతే మొక్కు. సాయంత్రం దీపం పెట్టి, దారి చూపమని స్వామిని అడిగాను.

మర్నాడు పొద్దున్నే డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో దువ్వడం మొదలుపెట్టాను. చిక్కు దగ్గర గుంజితే కుక్క గుర్రుమంది. మెట్ల మీద నుంచి చూస్తున్న అమ్మ ఆగలేకపోయింది.

"జర మెల్లగ. ఆడపిల్ల తల ఎన్నడన్న దువ్వినవా నువ్వు?"

దువ్వెన లాక్కుంది. ఒక చేత్తో కుదుళ్ళు అదిమి పట్టి, ముందు కొసలు విడదీసి, తర్వాత పైకి వెళ్ళింది. దువ్వెన నిండా తెల్లటి మెత్తటి బొచ్చు, ఏకిన దూది లాగా. గాలికి లేచి పక్కింటి వాళ్ళు ఎండబెట్టిన మిరపకాయల మీద వాలింది.

"పెద్దమ్మా, పరుపు కుట్టిస్తున్నవా ఏంది?" అని పక్కింటామె కేకేసింది.

"నీ మొగనికి మెత్త కుట్టిస్త. జోలి తెచ్చుకో."

రెండో వారానికి దువ్వెన చప్పుడు వింటే కుక్కే వచ్చి వీపు తిప్పి కూర్చునేది. అమ్మ దాని బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి, "చూడు, గాలి తోలుదాంక పోతున్నది" అంది. సాయంత్రాలు కుక్క తడి నేల వదిలి గేటు దాకా నడవసాగింది. అయినా అమ్మ ముఖం తేటపడలేదు.

ఒక శనివారం తోక దువ్వుతూ దువ్వుతూ ఆగింది.

"ఇది ఆడది గదా."

"అవును."

"కోడలు మొక్కు తీర్చుకున్ననాడు గుండు గీయించుకున్నదా?"

"లేదు. మూడు కత్తెరలిచ్చింది."

"నేను?"

"నువ్వు గూడ మూడు కత్తెరలే."

"మరి దీనికెందుకు గుండు?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "వెంట్రుకలిస్తనని మొక్కినవు గదమ్మా."

"ఆడోళ్ళందరం వెంట్రుకలిస్తమనే మొక్కుతం. మూడు కత్తెరలు ఇస్తం. మా అమ్మ కాలం సంది తీసుకుంటనే ఉన్నడు. ఇప్పుడు నీ కుక్క దగ్గర వద్దంటడా?"

మండలిలో ఏళ్ళ తరబడి అర్థం చెప్పినవాణ్ణి, ఇంట్లో ఆడవాళ్ళు ఇచ్చి వచ్చిన కత్తెరలు నాకు గుర్తు రాలేదు. స్వామి దారి చూపాడు, నాకు కాదు, దువ్వెన పట్టిన చేతికి.

ఆదివారం ఆటోలో మల్లన్న గుడి ఉన్న గుట్టకు వెళ్ళాం. కింద రేకుల షెడ్డులో గుండ్లు గీసే ఆయన కుక్కను చూసి కత్తెర కింద పెట్టాడు.

"కరిస్తే మొక్కు నీకా నాకా, పెద్దమ్మా?"

"తల నేను వట్టుకుంట. నీకు తోకే ఇస్తున్న గద, భయమేంది?"

ఆయన అందరికీ చేసినట్టే నీళ్ళు చల్లి, దండం పెట్టి, తోక చివర మూడుసార్లు కత్తిరించాడు. కొసలే. కుక్క కదలలేదు. ఆ వెంట్రుకలు పసుపు గుడ్డలో మూటగట్టి, అమ్మ తానే తీసుకెళ్ళి సమర్పించి వచ్చింది. మల్లన్న పసుపు దాని నుదుట రాసింది. అది తుమ్మితే ఆమె చీరంతా పసుపయింది. దులుపుకోలేదు. చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. కళ్ళు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట, "ఆకలైతలేదా మీకు?" నెల రోజుల తర్వాత ఆమె నోట ఆ మాట అంత తేలికగా వచ్చింది.

ఈ పొద్దున తొలకరి పడింది. కుక్క డాబా మీద తడిసి వచ్చి వంటింటి ముందు ఒళ్ళు విదిలించింది. అమ్మ తిడుతూ పెరుగన్నం కలిపింది. అది గిన్నె ఖాళీ చేసే దాకా ఎదురుగా కూర్చుని, "దువ్వెనకు రెండు పండ్లు వంగినయి. వచ్చే ఎండాకాలానికి కొత్తది తేవాలె" అంది.