బాషా అన్న చెప్పిన ఒక్క మాట

నిన్న పొద్దున రేపల్లెలో ట్రైన్ ఎక్కగానే ఫోన్ వచ్చింది.

బాషా అన్న ఇక లేడట. గుండెపోటు.

బాపట్లకు వెళ్లాల్సినవాణ్ణి తెనాలిలో దిగి, నేరుగా అన్న ఇంటికి వెళ్లాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బాపట్ల దగ్గర మా కాలేజీలో బాషా అన్న పంతొమ్మిదేళ్లు ల్యాబ్ అసిస్టెంట్. ఆ ల్యాబ్‌లోనే కొత్తగా చేరిన నాకు పని నేర్పింది ఆయనే.

మలావి దేశం నుంచి వచ్చిన చికొండి మా దగ్గర బీటెక్ చదివేది. ఆమె ఇంగ్లీషు యాసకు క్లాసులో అందరికంటే ముందు మా హెచ్ఓడీయే నవ్వేవాడు. ఆ అమ్మాయి ల్యాబ్‌కొచ్చి బాషా అన్న దగ్గర తెలుగు మాటలు నేర్చుకునేది. ఆయన్ని "అన్నా" అనే పిలిచేది.

ఫైనల్ ప్రాక్టికల్స్ రోజు పిల్లల ఫోన్లన్నీ ఆఫీసులో పెట్టించాం. చికొండి వాళ్లమ్మ చనిపోయిందని ఆఫీసుకే ఫోన్ వచ్చింది.

హెచ్ఓడీ నన్నూ, బాషా అన్ననూ వరండాలోకి పిలిచాడు.

"పోయినామె ఎలాగూ పోయింది. ఇప్పుడు చెప్తే లేచొస్తుందా ఏంటి? ఎక్స్‌టర్నల్ ముందు గోల వద్దు. సాయంత్రం చెప్దాం."

"తల్లండి సార్," అన్నాడు బాషా అన్న.

అంతే. లోపలికి వెళ్లి, ఆమె టేబుల్ పక్కన నిలబడి చెప్పేశాడు.

ఆ అమ్మాయి నేల మీద కూలబడింది. ఆయనా పక్కనే కింద కూర్చున్నాడు.

మర్నాడు అన్న మీద హెచ్ఓడీ కంప్లైంట్. పరీక్షలో ఫారిన్ స్టూడెంట్‌కు జవాబులు అందించాడట. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంట్ కాలేదు.

పెట్టాను.

అన్న ఉద్యోగం పోయింది. చికొండి ఆ పరీక్ష మళ్లీ రాయాల్సొచ్చింది. నన్ను పర్మనెంట్ చేశారు.

తర్వాత అన్న పొన్నూరు రైస్ మిల్లులో బస్తాలు కుట్టే పనికి కుదిరాడు. ఒకసారి అక్కడి బస్టాండులో నన్ను చూసి, ఎక్కిన బస్సు దిగి వెళ్లిపోయాడు.

నిన్న వదిన నన్ను ఆపలేదు. ఆయన ముఖం చూడనిచ్చింది. తర్వాత గుమ్మం దాకా వచ్చింది.

"చూశావుగా తమ్ముడూ. ఇంక వెళ్లు. మట్టికి మాత్రం రాకు."

ఖబరస్తాన్‌కు వెళ్లలేదు.

సాయంత్రం సంగతి తెలిసి చికొండి మెసేజ్ పెట్టింది. "మీరైనా దగ్గరుండి సాగనంపి ఉంటారు, థాంక్యూ సార్" అని. ఆ సంతకం ఎవరిదో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇదంతా ఇంగ్లీషులో రాసి ఇందాకే ఆమెకు పంపాను.

చూసింది.



వెళ్లిరా బాషా అన్నా. నన్ను రానివ్వని ఆ చోట నీకైనా ప్రశాంతత దొరకాలి.