బద్లీ కనకయ్య

సూరత్ గోడాదరాలో మా గల్లీ చివర గుడ్డ నేసే కార్ఖానా ఒకటి ఉంది. అందులో పదకొండు మందికి ఎవరి సాంచాలు, అంటే మరమగ్గాలు, వాళ్లకున్నాయి. పన్నెండోవాడైన కనకయ్యకు లేవు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్లి పడినా, ఆ రోజు వాళ్ల సాంచాల మీద నిలబడటమే ఆయన పని. దాన్ని బద్లీ అంటారు. సేటుకు కావలసింది గుడ్డ. దాని వెనక ఎవరి మొహం ఉందో ఆయనకు అక్కర్లేదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా కనకయ్య బద్లీగానే ఉండిపోయాడంటే పని రాక కాదు, ఎవరికీ కాదని చెప్పలేక. కాదని చెప్పలేనివాడికి సొంత పని ఎప్పుడు తీరుతుంది?

ఆయన మీద తోటివాళ్లకు ఒక్కటే ఫిర్యాదు. పూటకు నాలుగుసార్లు సండాసుకు పోతాడు. "అన్నా, నీ డ్యూటీ సాంచల మీద గాదు, గక్కడ్నే," అని ఆటపట్టించేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. "వేడి చేసింది రా, సల్ల తాగుతున్న," అనేవాడు. ఏడాది పైగా చల్ల తాగుతూనే ఉన్నాడు.

నా పేరు భాగ్యలక్ష్మి. కరోనా రెండో ఏడు మొదట్లో ఊర్మిళా బెన్ అనే డాక్టరమ్మ దగ్గర ఇంటింటికీ తిరిగే పనికి కుదిరాను. ఆమె పెద్దపేగు క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. ఆ జబ్బు చాలాసార్లు ముదిరేదాకా బయటపడదు. అయితే మలంలో కంటికి కనిపించని రక్తాన్ని కూడా ముందే పట్టేసే పరీక్ష ఒకటుంది. చిన్న డబ్బీ, దాని మూతకు ఒక పుల్ల. పుల్లతో నాలుగు చోట్ల గుచ్చి డబ్బీలో పెట్టి బిగిస్తే చాలు. చాలు అనేది డాక్టరమ్మ అభిప్రాయం. ఆ మాట చెప్పడానికి నేను గడప ఎక్కితే జనం మొహం మీదే తలుపు వేశారు. ఒకావిడైతే నన్ను చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, నా చేతిలో ఉన్నది ఖాళీ డబ్బీయే అయినా.

అంతలో నలభై ఐదు దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. ఆ వయసువాళ్లు సూది వేసుకోకుండా కార్ఖానాలో అడుగు పెట్టొద్దన్నాడు సేటు. క్యాంపు ముందు లైను రోడ్డు మలుపు దాటింది. డాక్టరమ్మకు అప్పుడు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. డబ్బీ తెచ్చిచ్చినవాళ్లకు టీకా క్యాంపులో వేరే లైను. ఇంకేముంది, నా డబ్బీలకు ఎక్కడలేని గిరాకీ. ముక్కు మూసుకున్నావిడే ఎదురొచ్చి రెండు అడిగింది.

కార్ఖానాలో పెద్దరికం చేసే దశరథం పదకొండు తీసుకున్నాడు. కనకయ్యకు అక్కర్లేదు. నిజానికి ఆయనకు యాభై ఆరు, కానీ ఆధార్‌లో నలభై రెండు. ముసలాడని సేటు తీసేస్తాడేమోనని ఎప్పుడో తగ్గించి చెప్పుకున్నాడు. ఆ లెక్కన సూదికీ పనికిరాడు, డబ్బీకీ పనికిరాడు.

అసలు జరిగింది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. పన్నెండు గంటల షిఫ్టులు చేసి, చాయ్ మీదే బతికే ఆ మనుషులకు డబ్బీ తెమ్మన్న వేళకు కడుపు కదల్లేదు. కదిలినవాళ్లకు పుల్లతో గుచ్చడానికి సిగ్గు అడ్డమొచ్చింది. మూడో రోజు కనకయ్య వాళ్లను చూసి జాలిపడ్డాడు. "తేండ్రి ఇటు, నేనిస్త. నాదేమన్న ఖర్సయితదా?" అన్నాడు. ఆ పొద్దున పదకొండు డబ్బీలూ ఆయనే నింపాడు. మూతలు బిగించాడు, తడిగుడ్డతో తుడిచాడు, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు రాశాడు. ఏ పనైనా నీటుగా చేస్తాడు.

పదకొండు డబ్బీల మీదా ఒకటే చేతిరాత. నేను చూశాను. చూసి కూడా సంచీలో వేసుకున్నాను, ఎందుకంటే ఆ వారం నా కోటా సగం కూడా కాలేదు. డాక్టరమ్మ మురిసిపోయి నాలా ఇంటింటికీ తిరిగే మిగతావాళ్లందరినీ పిలిచి, "నమూనా అంటే ఇలా ఉండాలి," అని చూపించింది. నేను పక్కనే వినయంగా నిలబడ్డాను.

తర్వాత రెండో వేవ్ వచ్చింది. డాక్టరమ్మకు కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు. ల్యాబు కాగితాలు ఆమె కళ్లబడేసరికి జూన్ అయిపోయింది. పదకొండుకు పదకొండు డబ్బీల్లోనూ రక్తం ఉంది. అంకెలు కూడా ఇంచుమించు ఒక్కటే.

చదువుకోనివాడైతే అక్కడే అనుమానపడేవాడు. డాక్టరమ్మ చాలా చదువుకుంది. "ఒకే కార్ఖానా, ఒకే నీళ్లు, ఒకే నూనె! ఇది మామూలు విషయం కాదు భాగ్యా," అంది, కళ్లు మెరుస్తుండగా. ట్యాంకు నీళ్లు, మిషన్ నూనె, చివరికి చాయ్ కాచే కెటిల్ కూడా పరీక్షకు పంపించింది. ఢిల్లీలో ఏదో పెద్ద సమావేశానికి కాగితం రాయడం మొదలుపెట్టింది.

ఆ కబురు కార్మికులకు చెప్పాల్సింది నేను. కార్ఖానాకు వెళ్లాను. క్యాన్సర్ అయి ఉండొచ్చనీ, పెద్దాసుపత్రిలో గొట్టంతో పేగు లోపల చూస్తారనీ చెప్పాను. పదకొండు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కడికీ రంగు మారలేదు. "చాయ్ తాగుతవా చెల్లె?" అన్నాడు దశరథం. ఎంత గుండె ధైర్యం అనుకున్నాను. కనకయ్య అక్కడ లేడు, సండాసుకు పోయాడు. తిరిగొచ్చాక ఆయనకు, "దవాఖాన్ల ఊకెనే సూస్తరట, జర మా సాంచలు నడుపన్నా," అని మాత్రమే చెప్పారు. ఆయన సరేనన్నాడు.

అలా మూడు వారాలు నడిచింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కడుపు కడిగే మందు తాగి, విడతకు నలుగురు చొప్పున ఆసుపత్రిలో పడుకున్నారు. జబ్బు మనిషి వాళ్ల సాంచాల మీద నిలబడ్డాడు.

రెండో విడతలో దశరథం వంతు వచ్చింది. "నీ పేగులో ఏమీ లేదు," అని డాక్టరమ్మ హిందీలో శుభవార్త చెప్పింది. మందు తాగి తాగి నీరసించిన దశరథం నోట్లోంచి నిజం జారింది. "గది నాకు ముందుగాల్నే ఎర్క చెల్లె. ఊకె నన్ను సంపిండ్రు," అన్నాడు నాతో.

వరండాలోకి లాక్కెళ్లి అడిగితే అంతా కక్కాడు.

"మరి కనకయ్య కాకకు చెప్పిండ్రా?"

"ఏమని చెప్పాలె? బుగులుతోనే సస్తడు. మావి గాదని తెలిస్తే సూది సర్టిఫికెట్లు వాపస్ గుంజుకోరా? సేటు లోపటికి రానిస్తడా?" ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆయన మంచాన పడితే మాకు బద్లీ ఎవ్వలు జేస్తరు?"

నాకు ఒళ్లు మండిపోయింది. వార్డంతా వినేలా తిట్టాను. తిట్టడం అయ్యాక, నేను మాత్రం తక్కువ తిన్నానా అనిపించింది. చెబితే నా ఉద్యోగం పోతుంది, డాక్టరమ్మకు ఢిల్లీ అవకాశం పోతుంది. చెప్పకపోతే ఒక మనిషే పోతాడు. ఇందులో ఆలోచించడానికేముందని అరగంట వరండాలో తిరిగానో నాకిప్పటికీ తెలియదు. సిగ్గుగా ఉంది.

డాక్టరమ్మ అంతా విని కళ్లద్దాలు తీసింది. "కెటిల్ కూడా పంపించానే," అంది. నవ్వబోయి ఆగిపోయింది. "అతనెక్కడున్నాడు?"

"నలుగురి సాంచాలు నడుపుతున్నాడు మేడం."

వెంటనే నన్ను తీసుకుని కార్ఖానాకు బయల్దేరింది. సాంచాల మోతలో కనకయ్యను అరిచి అడిగింది, వయసెంతని. నేను తెలుగులో చెబితే, "ఆధార్లనా, నిజంగనా?" అన్నాడు కనకయ్య. ఇప్పుడే ఆసుపత్రికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. నలుగురి పని తన మీదుందట. చివరికి ఆయన చెవి దగ్గరికి వెళ్లి చెప్పాను. "కాకా, నువ్వు నింపిన పదకొండు డబ్బీలల్ల రక్తమున్నదట. అది నీదే." ఆయన ఎక్కడా పోగు తెగకుండా ఒక్కో సాంచా ఆపుకుంటూ వచ్చి చెప్పులు వేసుకున్నాడు.

పేగులో ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ ఉంది. ఇంకో ఆరు నెలలైతే చేయి దాటిపోయేదన్నారు. సెప్టెంబర్లో ఆపరేషన్ చేసి తీసేశారు. బతికాడు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

డాక్టరమ్మ ఢిల్లీ కాగితాన్ని తనే చింపేసింది. పరిశోధన నివేదికలో ఆ కార్ఖానా గురించి ఒక్క వాక్యమే ఉంది, సేకరణలో లోపం వల్ల కొన్ని నమూనాలు తొలగించామని. మా గల్లీలో ఆ పరీక్ష కాపాడిన ఒకే ఒక్క మనిషి పరీక్షకు పేరివ్వని మనిషి కాబట్టి లెక్కలోకి రాలేదు. నా ఉద్యోగం పోలేదు. ప్రతి గడప ముందూ "ఎవరిది వాళ్లే ఇయ్యాలె" అని మూడుసార్లు గట్టిగా చెప్పాలని మాత్రం ఆజ్ఞ అయింది.

కనకయ్య ఇంటికొచ్చిన వారానికి పదకొండు మందీ పళ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. నన్నూ తోడు రమ్మన్నారు. తెలిసి కూడా దాచినందుకు తప్పు ఒప్పుకోవాలని దారి పొడుగునా దశరథం మాటలు కూడబలుక్కున్నాడు. కనకయ్య భార్య కొమురవ్వ చాప పరిచింది. దశరథం గొంతు సవరించుకున్నాడు.

ఈలోగా మంచం మీద కనకయ్యే లేచి కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"మీకు మొకం సూపెట్ట బుద్ధయితలేదు రా. నా రోగం దీస్కపోయి మీ పేర్ల మీద రాస్తి. అన్ని దినాలు మీరెంత బుగులుపడ్డరో, ఇండ్లల్ల ఆడోళ్లు ఎంత ఏడ్సిండ్రో. నాకొక్క మాట గూడ చెప్పకపోతిరి, నేను బాధపడ్తనని. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

వాళ్లలో ఒక్కడూ ఒక్క పూట కూడా భయపడలేదు. ఆ సంగతి ఆ గదిలో ఆయనకూ కొమురవ్వకూ తప్ప అందరికీ తెలుసు. దశరథం నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను. కనకయ్య చేతులు దించలేదు.

"మాఫ్ చేసినం అన్నా," అన్నాడు దశరథం.